పొగాకు బ్యారన్‌లో మూలా నక్షత్రం

నక్షత్రాల పని చేస్తానని చెప్పగానే ఎవరైనా అడిగే మొదటి మాట ఒకటే. "అయితే రాత్రంతా మేలుకోవాలేమో కదండీ?" అక్కర్లేదండీ. నేను పగలే పని చేశాను. మిట్టమధ్యాహ్నం, పక్క చేలో మిరపకాయ ఎరుపెక్కుతుంటే, పాత పొగాకు బ్యారన్‌లో చాప మీద కూర్చుని ఆకాశాన్ని విన్నాను. మధ్యలో కునికిపాట్లు పడిన మాట నిజమే. కొన్ని మధ్యాహ్నాలు వింటున్నానో కలగంటున్నానో నాకే తెలిసేది కాదు. అయినా చీకటితో మాకు పనిలేదు. నక్షత్రాల నుంచీ, వాటి మధ్య ఉన్న ఖాళీల నుంచీ వెలుగుతో పాటు రేడియో తరంగాలు కూడా వస్తుంటాయి. పట్టుకునే తీగ ఉండాలేగానీ వాటికి పగలూ రాత్రీ ఒకటే.

దర్శి వైపు ఒక డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్ళు ఫిజిక్సు చెప్పాను. నల్లబల్ల మీద పాలపుంత బొమ్మ ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. గీసి, చుట్టూ బాణాలు వేసి, గంట కొట్టగానే డస్టరుతో తుడిచేసి వచ్చేదాన్ని. ఒకరోజు ఆ తుడిచిన సుద్దపొడి చేతులకంటుకుని ఉండగా నాకు ఒళ్ళుమండింది. ఇన్నేళ్ళు చెప్పాను, ఒక్కసారైనా దాని దగ్గరికి వెళ్ళానా అని నామీద నాకే కోపం వచ్చింది. అప్పుడే ఒక పరిశోధనాలయం వాళ్ళు పక్కన పడేసిన యాంప్లిఫయర్లూ కేబుల్ చుట్టలూ కాలేజీలకు ఇస్తున్నారని తెలిసింది. రైలెక్కి వెళ్ళి, బతిమాలి, సంతకాలు పెట్టి తెచ్చుకున్నాను.

కాలేజీ డాబా మీద పెడితే ఏమీ వినబడలేదు. ఏమీ వినబడకపోవడం కాదు, అన్నీ వినబడ్డాయి. ఎఫ్ఎం పాటలు, ట్యూబులైట్ల గురగుర, ఎదురుగా వెల్డింగ్ షాపు, ఊళ్ళో ఉన్న సెల్‌ఫోన్లన్నీ. ఈ గోల లేని చోటు కావాలి. అందుకని చిన్న రిసీవరు ఒళ్ళో పెట్టుకుని, ఏరియల్ వెనక కట్టుకుని, స్కూటీ మీద అద్దంకి దారీ పొదిలి దారీ పట్టి తిరిగాను. పొలాల్లో ఆగి ఏరియల్ పైకెత్తితే జనం చుట్టూ మూగేవాళ్ళు. నేను ఫోను కంపెనీ మనిషిననుకునేవాళ్ళు. "మేడమ్, టవరు ఎప్పుడేస్తారు?" అని ఒకచోట అడిగితే, "వెయ్యకపోతేనే నాకు మంచిది" అన్నాను. వాళ్ళు నన్ను కొట్టకపోవడం వాళ్ళ మంచితనం.

చివరికి ఆ బ్యారన్ దొరికింది. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. పొగాకు బ్యారన్ అంటే కిటికీలు లేని ఎత్తైన ఇటుకల గది. లోపల పైదాకా వరసలు వరసలుగా అడ్డకర్రలుంటాయి. పచ్చి ఆకుని కర్రలకు అల్లి వాటిమీద వేలాడదీసి, కింద గొట్టాల్లో వేడి పంపి, రోజుల తరబడి ఆరబెడతారు. ఈ బ్యారన్‌లో మంట ఆరిపోయి చాలా ఏళ్ళయింది. వాసన మాత్రం పోలేదు. తీయగా, కాస్త ఘాటుగా, తల తిరిగేటట్టు ఉండేది. అక్కడ రిసీవరు ఆన్ చేస్తే ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, తీగ ఊడిపోయిందేమోనని రెండుసార్లు చూసుకున్నాను. ఫోనులో ఒక్క గీత కూడా లేదు. ఆనందం పట్టలేక పైకే నవ్వాను.

"ఎవరది?" అని బయటి నులకమంచం మీద నుంచి ఒక గొంతు.

ఆయనే బ్యారన్ యజమాని. ఎనభై దాటిన రైతు. నీటికాసులతో చూపు పోయి ఆరేళ్ళయిందట. వెలుగుందా లేదా అన్నంతవరకే తెలుస్తుంది. నేనెవరో, ఎందుకొచ్చానో, ఎందుకు నవ్వానో చెప్పాను.

"ఫోను పలకటంలేదని ఊరంతా నెత్తీ నోరూ కొట్టుకుంటంటే, పలకనందుకు సంతోషపడే మనిషిని నిన్నే చూస్తన్నా పంతులమ్మా" అన్నాడాయన.

పక్కన కూర్చోబెట్టుకుని అంతా విన్నాడు. చివరికి ఒకటే ప్రశ్న వేశాడు. "మూల ఇప్పుడు ఏ టైముకి వస్తంది?"

మూలా నక్షత్రం. తేలు ఆకారంలో ఉండే చుక్కల గుంపుకి చివర, కొండి దగ్గర ఉంటుంది. కుర్రతనంలో ఆయన రోజుల తరబడి ఈ బ్యారన్ ముందే పడుకుని మంట కాసేవాడట. తెల్లారుగట్ల తేలు కొండి పైకి లేవడం చూసి, ఇక మంట తగ్గించే వేళయిందని లేచేవాడట. కార్తెలన్నీ ఆయనకు అలా కంటితో చూసినవే. ఏ కార్తెలో నారు పొయ్యాలో, ఏ కార్తెలో నాటాలో ఏనాడూ క్యాలెండరు చూసి ఎరగడు.

"ఇప్పుడు క్యాలెండర్లో చూసి మా కోడలు చెబుతది. కాయితం మీద రాసిందాన్ని నేనెట్టా నమ్మేది పంతులమ్మా? పైన అది నిజంగా కదులుతందో, నా కళ్ళు పోయిన్నాడే ఆగిపోయిందో నాకెట్టా తెలుస్తది?"

నవ్వబోయి ఆగాను. ఆయన వేళాకోళం ఆడటంలేదు. ఆరేళ్ళుగా ఆ అనుమానం ఆయన్ని తినేస్తోంది.

"ఒక్క చుక్కని నాకు వినిపించు. ఈ బేరనూ ముందున్న బీడూ నీయే. కాకపోతే ఒక మాట. పక్క చేను కౌలుకి చేసేటాయన మిరపకాయ పోసుకోటానికి బేరన్ అడుగుతన్నాడు. మొదటి కోత కాయ కల్లంలో ఎండేలోపు నువ్వు వినిపించాల. లేకపోతే ఆయనకిస్తా."

నేను నిజాయితీగా ఉన్న సంగతి చెప్పాను. "బాబాయ్ గారూ, మాకు వినబడేది మూల కాదండీ. ఆ కొండికి పక్కనే మన పాలపుంత నడిబొడ్డు ఉంది. ఆకాశం మొత్తంలో బాగా మోగేది ఆ వైపే."

"పర్లేదులే. పక్కింటోడైనా దాంతో పాటే వస్తాడు గదా" అన్నాడు.

ఆ ఎండాకాలం కట్టడం మొదలుపెట్టాం. బీడులో వరసలుగా గుంజలు పాతి, వాటి మధ్య రాగితీగలు లాగి, అన్నింటినీ కేబుళ్ళతో కలిపి బ్యారన్‌లోకి తెచ్చాం. మా విద్యార్థులు కట్టిన తీగలు గాలికి ఊగి మర్నాటికి వదులయ్యేవి. పెద్దాయన కోడలు వచ్చి చూసి, కొంగు నడుముకి దోపి, "ఇట్టా ఇవ్వండి" అంది. ఆకు అల్లిన చేతులవి. దారం రెండు మెలికలు తిప్పి లాగితే పచ్చి ఆకు ఎండి సగమయినా జారకుండా పట్టి ఉంచే ముడి వాళ్ళది. ఆవిడా, ఆవిడతో ఒకప్పుడు ఆకు అల్లిన మరో నలుగురూ కలిసి మూడురోజుల్లో మా తీగలన్నీ బిగించారు. తర్వాత తుపాను గాలి వచ్చినా ఒక్కటీ కదల్లేదు.

ఊళ్ళో దానికి తీగల పందిరి అని పేరు పడింది. దొండపాదు ఎప్పుడు పెడతారని అడిగేవాళ్ళు. ఎవరొచ్చినా మోటారు సైకిళ్ళు రోడ్డు మీదే ఆపాలి, ఫోన్లు ఆపెయ్యాలి. ఇంజను నిప్పురవ్వ కూడా మాకు పిడుగే. ఆపకుండా వచ్చినవాళ్ళమీద నేను అరిచిన అరుపులకి, ఆవిడ అక్కడుంటే ఆ దారిన పోవద్దని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళట. మంచిదే అయింది.

సెప్టెంబరులో మొదటిసారి విన్నాం. టక్. టక్. టక్. క్షణానికొకటి, తూచినట్టు. ఆకాశంలో అలా గడియారంలా కొట్టుకునే నక్షత్రాలు నిజంగానే ఉన్నాయి, మా విద్యార్థులకి నేనే పాఠం చెప్పాను. మా చిన్న తీగలకి అవి అందవని తెలిసీ నా గుండె దడదడలాడింది. మనిషికి ఆశ ముందు చదువు ఎంతసేపు నిలుస్తుంది? పరిశోధనాలయానికి ఉత్తరం రాయడం మొదలుపెట్టాను. పెద్దాయనని చెయ్యిపట్టి తీసుకొచ్చి, హెడ్‌ఫోన్లు పెట్టి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.

ఆయన నాలుగు టక్కులు విని, పొట్ట పట్టుకుని నవ్వాడు. "పంతులమ్మా, ఇది ఝట్కా మిషనే! పందుల కంచె."

పక్క చేను చుట్టూ అడవిపందుల కోసం వేసిన తీగల కంచె. డబ్బాలోని యంత్రం క్షణానికొకసారి ఆ తీగల్లోకి షాకు వదులుతుంది. పెద్దాయన మంచం మీద కూర్చుని రోజంతా ఆ చప్పుడు వింటూనే ఉంటాడు. నేను చదువుకున్నదాన్ని కాబట్టి దాన్ని ఆకాశంలో పెట్టాను. రాసిన ఉత్తరాన్ని ఉండచుట్టి, ఎవరి కంటా పడకుండా చింపేశాను.

కౌలుదారు దగ్గరికి వెళ్ళాం. నలభై ఏళ్ళ ముస్లిం రైతు, మాట నిదానం. బ్యారన్ కావాలని అడుగుతున్నది ఆయనే. "మీ చుక్కల కోసం నా చేను పందులకి రాసిమ్మంటారా మేడమ్?" అన్నాడు. నేను నోరు తెరవబోతే పెద్దాయన నా చెయ్యి నొక్కాడు. చివరికి కౌలుదారే అన్నాడు, "పందులు పగలు రావులెండి. పొద్దున్నే ఆపేస్తా, పొద్దుగూకినాక వేస్తా. సరేనా?" మేము ఓడిపోతే బ్యారన్ ఆయనకొస్తుంది. అయినా ఆ రోజు నుంచి ఒక్క ఉదయం కూడా ఆయన స్విచ్చి ఆపడం మరిచిపోలేదు.

ఇక దసరా. ఇది చెప్పడానికి నాకిప్పటికీ సిగ్గు. గుంజలకి నిమ్మకాయా మిరపకాయలూ కట్టబోయిన విద్యార్థుల్ని అంతకు ముందే నేను తిట్టాను, ఇది సైన్సు, లారీ కాదని. కానీ ఆయుధపూజ రోజు పొద్దున్న బ్యారన్ ముందు నిలబడితే, ఆ తీగలన్నీ మంచులో తడిసి మెరుస్తుంటే, నా చేతులు ఊరుకోలేదు. మా ఇంట్లో కత్తిపీటకీ, కుట్టుమిషనుకీ పసుపుకుంకాలు పెట్టి పెరిగినదాన్ని. ఇన్నాళ్ళూ మాకోసం ఎండలో వానలో నిలబడ్డ తీగలకి బొట్టు పెట్టకపోతే తప్పనిపించింది. చెంబుడు నీళ్ళలో పసుపు కలిపి, ఒక్కో అతుకునీ కడిగి, పసుపు పూసి, కుంకుమ దిద్దాను. ఏ అతుకునీ వదల్లేదు. మీరు నమ్మరుగానీ, కళ్ళు చెమర్చాయి కూడా.

పది రోజుల్లో తీగలు మూగబోయాయి. పసుపునీళ్ళు అతుకుల లోపలికి దిగి, రాగి అంతా పచ్చగా చిలుము పట్టింది. రిసీవరులో దాని సొంత గురక తప్ప ఏమీ లేదు. ఎవరినైనా తిడదామంటే తిట్టాల్సింది నన్నే. పెద్దాయన కోడలు ఆ నలుగురినీ మళ్ళీ పిలుచుకొచ్చింది. వాళ్ళు ముడులు విప్పుతుంటే, మేము గరుకు కాగితంతో రాగిని రుద్ది మళ్ళీ అతికాం. కార్తీకం అంతా దానికే పోయింది. ఆ లోపల పక్క చేలో మిరప పూసి, కాయ దిగి, రంగు తిరుగుతోంది. రోజూ బీడులోకి నడిచేటప్పుడు ఆ చేను వైపు చూడకూడదనుకునేదాన్ని. చూసేదాన్ని.

అలా మూల కార్తె వచ్చింది. డిసెంబరు మధ్యరోజులు. అదే మాకు మొదటి నిజమైన వినికిడి.

ఆ మధ్యాహ్నాలు నాకు ఇప్పటికీ సగం నిద్రలో గుర్తొస్తాయి. బయట ఎండ మెత్తగా, తెల్లగా ఉండేది. బ్యారన్ తలుపు సందులోంచి ఒక చార నేలమీద పడి నెమ్మదిగా నా పాదాల వైపు జరిగేది. పైన అడ్డకర్రల మీద ఎప్పటివో ఎండిన ఆకుముక్కలు గాలికి రాలి ఒళ్ళో పడేవి. హెడ్‌ఫోన్లలో ఒక సన్నని హోరు. అది ఎక్కణ్ణించి మొదలై వస్తోందో తలుచుకుంటే, కింద చాప ఉందో లేదో చేత్తో తడిమి చూసుకునేదాన్ని. మా విద్యార్థులు ఒక ఏర్పాటు చేశారు. హోరు బలం పెరిగేకొద్దీ ఒక రాగం పైస్థాయికి లేస్తుంది, తగ్గితే దిగుతుంది. పన్నెండు దాటుతుండగా ఆ రాగం లేచి, లేచి, ఒకచోట నిలబడి, మళ్ళీ మెల్లగా దిగింది. నేను ఏడుస్తున్నానని నాకు తర్వాత తెలిసింది.

మర్నాడు పెద్దాయన విన్నాడు. ముందు రాగం వద్దన్నాడు, ఉత్త హోరే పెట్టమన్నాడు. చాలాసేపు కదల్లేదు. నిద్రపోయాడేమో అనుకున్నాను.

"ఆకు పండి ఎండేటప్పుడు బేరన్‌లో ఇదే చప్పుడు" అన్నాడు. తర్వాత ఉన్నట్టుండి, "ఏందమ్మా, ఇప్పుడు మూల కార్తె గదా? మూల పొద్దుతో పాటే ఉంటది. ఇప్పుడది ఎవరికి కనపడతది?" అన్నాడు.

"ఎవరికీ కనపడదు బాబాయ్ గారూ. సూర్యుడి వెలుగులో కలిసిపోయి ఉంటుంది."

"కళ్ళున్నోళ్ళకి కూడా?"

"కళ్ళున్నవాళ్ళకి కూడా."

ఆయన మొహంలో నెమ్మదిగా ఒక నవ్వు వచ్చింది. "అయితే ఇయ్యాల నీకూ నాకూ తేడా లేదన్నమాట" అన్నాడు.

అక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటే. సూర్యుడూ మూలా ఒకేచోట ఉన్నప్పుడు వినబడింది సూర్యుణ్ణో, పాలపుంతనో ఎలా చెప్పగలం? సూర్యుడు కూడా రేడియో గోల చేస్తాడు. ఆ మాట నేను చెప్పకముందే పెద్దాయనే అడిగాడు. తేల్చుకునే మార్గం ఒక్కటే. సూర్యుడైతే రాగం రోజూ పన్నెండుకే లేస్తుంది. నక్షత్రాల వైపుదైతే రోజుకి నాలుగు నిమిషాలు ముందుకు జరుగుతుంది, అంటే పదమూడు పద్నాలుగు రోజుల కార్తెకి దాదాపు ఒక గంట. ఇదంతా నేను వేళ్ళు మడిచి చెప్పబోతే ఆయన విసుక్కున్నాడు. "అది నాకు చెబుతన్నావా? కార్తె అంటేనే అది."

అప్పటి నుంచి ఎదురుచూపు. పూర్వాషాఢ కార్తెలో రాగం పదకొండుంబావు ప్రాంతంలో లేచింది. ఉత్తరాషాఢలో పదింపావు దాటాక. నా గ్రాఫు కాగితం మీద చుక్కలు చక్కగా మెట్లు దిగుతున్నాయి. పెద్దాయన మాత్రం "ఇంకో కార్తె చూద్దాం" అనేవాడు. ఇంతలో మొదటి కోత మొదలైంది. కౌలుదారు కల్లం ఊడ్చి, పట్టాలు పరిచి, కాయ పోశాడు. గాలి అటు తిరిగితే బ్యారన్ లోపల అందరికీ తుమ్ములే. ఆ ఎరుపు రోజురోజుకీ ముదురుతోంది. కాయ ఎండటానికి ఇంకో పదిరోజులు, అంతే.

సరిగ్గా అప్పుడే నాకు పరీక్షల డ్యూటీ పడింది, వేరే ఊళ్ళో, వారం రోజులు. తప్పదు. యంత్రం దానంతటది రాసుకుంటుంది, ఎవరూ ఏదీ ముట్టుకోవద్దు, వినాలనిపిస్తే కూర్చుని వినండి అని చెప్పి వెళ్ళాను. శ్రవణా కార్తె అది. లెక్క ప్రకారం రాగం తొమ్మిదిన్నర ప్రాంతంలో లేవాలి.

తిరిగొచ్చిన రోజు సంచీ కూడా దించకుండా రికార్డు తెరిచాను. మొదటి రెండు రోజులూ సరిగ్గానే ఉంది. మూడో రోజు ఎనిమిదిన్నర. మర్నాడూ ఆ ప్రాంతంలోనే, ఆ మర్నాడూ అంతే. గంట ముందు. ఒక కార్తె మొత్తం దూకేసింది. ఆకాశం అలా దూకదు. అంటే ఇది ఆకాశం కాదు. ఎవరి మోటారో, ఎవరి స్టార్టరో, త్రీ ఫేజు కరెంటు వేళలు మారితే దాని వేళా మారింది. ఇన్నాళ్ళు మెట్లు దిగినట్టు కనబడిందంతా నా ఆశే. పందుల కంచెని నక్షత్రమనుకున్నదాన్ని, ఇంకొకదాన్ని అనుకోనా? చాప మీద కూలబడిపోయాను. బ్యారన్ పోతుందన్న దిగులు కంటే, ఆ మధ్యాహ్నం ఆయన మొహంలో చూసిన నవ్వే ఎక్కువ బాధపెట్టింది. చూపులేని పెద్దమనిషికి అబద్ధం వినిపించాను.

బయటికి వెళ్ళి మంచం పక్కన నిలబడ్డాను. కౌలుదారు అక్కడే ఉన్నాడు, కాయ ఎండిందని చెప్పడానికి వచ్చాడు. "బాబాయ్ గారూ, నన్ను క్షమించండి. మీకు వినిపించింది చుక్కల వైపుది కాదు. గంట ముందుకొచ్చేసింది. నేను పొరపాటు పడ్డాను. బ్యారన్ ఖాళీ చేస్తాను."

ఆయన తల నా వైపు తిప్పాడు. ఆ మొహంలో అంత కోపం నేనెప్పుడూ చూడలేదు.

"ఎవరు చెప్పారు ముందుకొచ్చిందని?"

"రికార్డులో ఉందండీ."

"కాయితమా?" అన్నాడు. "నువ్వు లేని వారం రోజులూ మా కోడలు చెయ్యిపట్టుకుని వచ్చి ఈడ కూకున్నా. దినామూ ఇన్నా. పొద్దు నా ఎడమ చెంప మీదుండంగా, కాయ కోసే ఆడోళ్ళు చద్దికి కూకుని గిన్నెలు తీస్తంటే, అప్పుడు లేచింది రాగం. మొదటిరోజు వాళ్ళు సగం తిన్నాక లేచింది. నిన్న గిన్నెలు తెరవకముందే లేచింది. దినానికి ఇంత ఇంత ముందుకి. చుక్క దాని నడకన అదొస్తంది. నువ్వు కాయితం చూసి చెబుతన్నావు పంతులమ్మా. నేను ఇని చెబుతన్నా."

కోత ఆడవాళ్ళు చద్దికి కూర్చునేది తొమ్మిది దాటాకే. ఆ ఊళ్ళో అది చిన్నపిల్లలకి కూడా తెలుసు.

"మధ్యలో ఏమైనా అయిందా?" అని అడిగాను.

గుమ్మం దగ్గర నుంచి కోడలు అంది, "మీరెళ్ళిన రెండో రోజు లైను పనుందని కరెంటు తీశారండీ. గంటసేపు. మళ్ళీ వచ్చింది, మిషను దానంతటదే ఎలిగింది."

లోపలికి పరిగెత్తాను. మా యంత్రంలో ఉన్నది చవకరకం చిన్న కంప్యూటరు. కరెంటు పోతే దాని గడియారం పోయినచోటే ఆగి, కరెంటు వచ్చాక అక్కణ్ణించే మళ్ళీ నడుస్తుంది. ఊళ్ళలో అయితే నెట్‌లోంచి టైము దిద్దుకుంటుంది. ఇక్కడ నెట్ ఎక్కడిది? సిగ్నలు లేదనే కదా ఏరి కోరి ఇక్కడికొచ్చాను. తెర మీద టైమూ, నా చేతి గడియారమూ పక్కపక్కన పెట్టి చూశాను. కంప్యూటరు గంటకు పైగా వెనక ఉంది. ఆకాశాన్ని అనుమానించాను, ఆయన చెవిని అనుమానించాను, నన్ను నేను తిట్టుకున్నాను. గడియారం వైపు చూడాలని మాత్రం తోచలేదు.

బయటికొచ్చి ఆ మాట చెప్పాను. ఆయన కాళ్ళ దగ్గర మట్టిలోనే కూర్చుండిపోయాను. ఆయన నా తలమీద చెయ్యి పెట్టాడు. చాలాసేపు అలాగే ఉంచాడు.

"ఆగలేదు పంతులమ్మా" అన్నాడు మెల్లగా. "నా కళ్ళు పోయినా అది ఆగలేదు."

తర్వాత కౌలుదారు వైపు తిరిగి, "ఒరేయ్ అబ్బాయ్, బేరన్ ఖాళీ లేదురా" అన్నాడు. ఆయన నవ్వి, టార్పాలిన్ కప్పుకుంటాలే పెద్దాయనా అని, కల్లం వైపు నడిచాడు. పోతూ పోతూ ఝట్కా మిషను ఆగి ఉందో లేదో వంగి చూసుకున్నాడు.

నేను బ్యారన్‌లోకి వెళ్ళి పుస్తకం తెరిచాను. ప్రతిరోజూ రాగం ఎన్నింటికి లేచిందో గంటలూ నిమిషాలూ రాసే గడి ఒకటుంది అందులో. గడియారం తప్పిన ఆ రోజులన్నింటికీ కంప్యూటరు టైము కొట్టేసి, "చద్దివేళ, పెద్దాయన చెప్పారు" అని రాశాను.